తాళం తీసినా ఆగని కారులో పల్నాటికి

పల్నాడు ఎట్లా ఉంటుందని మా తెనాలిలో ఎవరైనా అడిగితే నేను రాళ్ళతో మొదలుపెడతాను. వాళ్ళు రాళ్ళు వద్దు, కారు సంగతి చెప్పమంటారు. రెండూ విడదీసి చెప్పడం నాకు చేతకాదు కాబట్టి కలిపి రాస్తున్నాను. ఇప్పటికే వెళ్ళొచ్చినవాళ్ళు ఇది చదవనక్కర్లేదు. వెళ్ళబోయేవాళ్ళు మాత్రం పెట్రోలు ట్యాంకు మూతకు తాళం పెట్టించుకుని బయలుదేరండి. దొంగల భయం ఏమీ లేదు. అక్కడివాళ్ళ మంచితనం గురించే చెబుతున్నాను.

ఇద్దరం, రెండు డబ్బాలు

వెళ్ళింది నేను, మా కోటి. కోటేశ్వరరావుకు తెనాలిలో కార్లు బాగుచేసే షెడ్డు ఉంది. నేను ఏడో తరగతిలో బడికి దండం పెట్టేసి ఆ షెడ్డులోనే తేలాను. వాడు ఇంజన్లు విప్పుతాడు. నేను వచ్చినవాళ్ళను మాటల్లో పెట్టి, మళ్ళీ బిగించేదాకా వాళ్ళు కంగారుపడకుండా చూస్తాను. రెండూ పనులే.

ప్రయాణం కోటి పెళ్ళిచూపులకు. మాచర్లకు కాస్త ఇవతల ఒక పల్లెలో చెన్నకేశవయ్య అని ఒక రైతు. బండలాగుడు పందేలకు ఎద్దుల్ని పెంచుతాడు. ఆయన కూతురు సామ్రాజ్యం. మా పెద్దవాళ్ళు ముందే ఎర్రబస్సులో వెళ్ళి మాట్లాడి వచ్చారు. ఇక పిల్లవాణ్ణి చూపించడమే మిగిలింది. "పిల్లాణ్ణి ఒక్కణ్ణే పంపండి, పెద్దోళ్ళు పక్కనుంటే ఎవుడైనా బుద్ధిమంతుడే" అని ఆయన కబురు చేశాడు. ఒక్కణ్ణి పంపితే ఏం మాట్లాడతాడోనని వాళ్ళమ్మ నన్ను తోడిచ్చింది. నేనేం మాట్లాడతానో ఆమె ఆలోచించలేదు.

ఫోటో చూసిన రోజు నుంచి కోటి మనిషి మనిషిగా లేడు. తుడిచిన ప్లగ్గులే మళ్ళీ తుడుస్తున్నాడు. ఆ పిల్ల వద్దంటే వాడు ఏమైపోతాడోనని నాకు నిజంగానే బెంగ పట్టుకుంది. బస్సులో వెళదామంటే వినలేదు, తన కారులోనే వెళ్ళాలన్నాడు.

ఆ కారు సంగతి చెప్పాలి. బయటి నుంచి చూస్తే పాత ఫియట్, డాక్టరుగారు రోగుల ఇళ్ళకు వెళ్ళే కారులా ఉంటుంది. లోపల ఇంజను మాత్రం రెండేళ్ళు కూర్చుని కోటి తన చేతులతో మార్చింది. సిలిండర్ల మీది తలకాయ అరగదీసి కంప్రెషన్, అంటే లోపలి నొక్కుడు, పెంచాడు, రెండు కార్బురేటర్లు పెట్టాడు. మద్రాసు దగ్గర జరిగే కార్ల పందేల కోసం ఆ పాట్లన్నీ. ఆ పందేలు వచ్చే నెలలోనే ఉన్నాయి.

అట్లాంటి ఇంజనుకు మామూలు పెట్రోలు పడదు. ఎందుకు పడదో నాకు అర్థమైన తీరున చెబుతాను. సిలిండరులో పెట్రోలు, గాలి కలిసి ఉంటాయి. పిస్టన్ పైకొచ్చి వాటిని నొక్కుతుంది. నొక్కినకొద్దీ వేడెక్కుతాయి. అప్పుడు ప్లగ్గు రవ్వ వెయ్యాలి, అక్కణ్ణుంచి మంట వరసగా పాకాలి. పెళ్ళి భోజనాల్లో విస్తట్లో అన్నీ పడ్డాక పెద్దాయన 'గోవిందా' అంటాడు చూడండి, అప్పటిదాకా ఎవరూ చెయ్యి పెట్టకూడదు. అట్లా మాట వచ్చేదాకా, తన వంతు వచ్చేదాకా ఆగే ఓపికకు వేసిన నంబరే ఆక్టేన్. మన ఊళ్ళ బంకుల్లో పోసేది ఎనభై ఏడు. మద్రాసులో తొంభై మూడు దొరుకుతుంది. మామూలు కారులో నొక్కుడు తక్కువ, కాబట్టి ఎనభై ఏడు కూడా బుద్ధిగానే కూర్చుంటుంది. కోటి ఇంజనులో నొక్కుడు ఎక్కువ. అక్కడ ఎనభై ఏడు పోస్తే, గోవిందా అనకముందే ఏదో ఒక మూల భగ్గుమని పిస్టన్ నెత్తిన మొత్తుతుంది. రేకు డబ్బాలో గోళీలు వేసి ఊపినట్టు చప్పుడు వస్తుంది. నాకింగ్ అంటాం. ఎక్కువసేపు సాగితే పిస్టన్ అంచులు ఎలకలు కొరికినట్టు తయారవుతాయి.

అంచేత తొంభై మూడు ఆక్టేన్ బలం కాదు, ఓపిక. ఈ ముక్క దారిలో ఎంతమందికి చెప్పానో, ఒక్కరూ నమ్మలేదు.

లారీవాళ్ళ చేత మద్రాసు నుంచి తెప్పించిన పెట్రోలు ట్యాంకులో కొంత, వెనక డిక్కీలో రెండు డబ్బాల నిండా ఉంది. వెళ్ళడానికి ఒక డబ్బా, రావడానికి ఒక డబ్బా అని కోటి లెక్క. దారి పొడుగునా నాకు సిగరెట్టు నిషేధం.

నరసరావుపేట

గుంటూరు దాటాక మాకు మొదట లోటుగా తోచింది కాలవ. మా వైపు ఎవరిల్లు ఎక్కడంటే కాలవకు ఇవతల, అవతల అని చెబుతాం. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. నరసరావుపేటలో పొద్దు వాలుతుండగా బజ్జీల కోసం ఆగాం. బజ్జీ రుచిగానే ఉంది. లోపలి మిరపకాయ కూడా మిరపకాయే కావడం మాకు కొత్త. తెనాలిలో అది పేరుకే ఉంటుంది. కోటి కళ్ళ నీళ్ళు తుడుచుకుంటుంటే బజ్జీలామె, "ఏం బాబూ, ఎవరైనా పోయారా?" అని పరామర్శించింది.

పక్కనే టాక్సీ స్టాండు. మస్తాన్ వలీ అనే టాక్సీ డ్రైవరు కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి మా దగ్గరికి వచ్చాడు.

"ఏంది బావా, ఊరవతల నుంచే వినపడతాంది. సైలెన్సరు ఊడిందా?"

"ఊడలేదు. పందెం కారు. దాని గొంతే అంత" అన్నాడు కోటి.

"ఏం తాగుద్ది?"

"తొంభై మూడు ఆక్టేన్."

"మరి మా బండి తాగేది?"

"ఎనభై ఏడు."

మస్తాన్ కాసేపు లెక్క చూసుకున్నాడు. "అంటే ఇన్నేళ్ళూ ఆరు నంబర్లు నా కాడ నొక్కేశారన్నమాట. ఒక్కడన్నా చెప్పలా."

నేను గోవిందా సంగతి చెప్పి, నీ అంబాసిడరుకు ఇది పోసినా ఏమీ తేడా రాదన్నాను. ఆయన నన్ను జాలిగా చూసి, కోటి వైపు తిరిగి, "ఒక్క సీసాడు పొయ్యి బావా" అన్నాడు.

కోటికి ఒక జబ్బు ఉంది. ఎదుటివాడు నోరు తెరిచి అడిగితే కాదనలేడు. షెడ్డులో స్పానర్లన్నీ అట్లాగే పోయాయి. మస్తానుకు పోశాడు. అది చూసి స్టాండులో మిగతా టాక్సీలవాళ్ళు కూడా సీసాలు పట్టుకొచ్చారు. కోటి అందరికీ పోశాడు. చివర్లో ఒకాయన టాక్సీ లేకుండానే వచ్చాడు, మోపెడ్ ఉందట. ఆయనకూ పోశాడు. డబ్బా ఖాళీ అయింది.

మస్తాన్ ఊళ్ళో ఒక చుట్టు తిరిగి వచ్చి, "ఎగిరింది బావా, నిజంగా ఎగిరింది" అన్నాడు. టాక్సీ ఎప్పటిలాగే పోయింది. ఆయన ఎగిరాడు.

"అడిగితే వద్దని చెప్పలేవేంట్రా?" అన్నాను లాడ్జికి వెళుతూ.

"పాపం, ఆశపడ్డారు" అన్నాడు కోటి.

నకరికల్లు దాటాక

పొద్దున బయలుదేరాక పెట్రోలు ముల్లు కిందికి జారుతుంటే కోటి ఆలోచనలో పడ్డాడు. మిగిలిన డబ్బా తిరుగుదారికి ఉంచాలి. అందుకని నకరికల్లు దాటాక బంకులో ఎనభై ఏడు పోయించాడు. లీటరు ఏడు రూపాయల చిల్లర. ట్యాంకులో ఇప్పుడు ఓపిక ఉన్నదీ లేనిదీ చెరిసగం. కాస్త ఎత్తు ఎక్కగానే గోళీలు మోగాయి.

"టైమింగ్ కొంచెం వెనక్కి తిప్పుతాను" అన్నాను. రవ్వ ఆలస్యంగా పడేట్టు చేస్తే నొక్కుడు బాధ తగ్గి చప్పుడు ఆగుతుంది. లాగుడు కూడా తగ్గుతుంది.

"అత్తారింటికి ఈడ్చుకుంటూ వెళ్ళమంటావా?"

"ఇంకా అత్తారిల్లు కాలేదురా."

వాడు వినలేదు. కాలు తేలిక చేసి, పాలగ్లాసు పట్టుకున్నవాడిలా నడపసాగాడు.

ఇక్కడి నుంచే రాళ్ళు మొదలు. చేలగట్లకు మా వైపు తాటిచెట్లుంటాయి, ఇక్కడ నాపరాళ్ళు నిలువుగా పాతి ఉన్నాయి. ఇంటి గోడ, పశువుల కొట్టం, చివరికి కుడితి తొట్టి కూడా నాపరాయే. కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రటి జంపఖానాల్లా పరిచి ఉన్నాయి. అద్దాలు ఎత్తి ఉన్నా ఇద్దరం తుమ్ముతూనే పోయాం.

పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు దాటాక ఒక ముసలామె చెయ్యెత్తింది. గురజాల కోర్టుకట. బస్సు రాలేదట. ఎక్కించుకున్నాం.

"ఏం కేసు పెద్దమ్మా?" అన్నాను.

"గట్టు రాయి జరిపాడు నాయనా, మా మరిది."

"ఎన్నాళ్ళయింది?"

"కేసేసినప్పుడు నా తల నల్లగుండేది."

"లాయరు ఏమంటాడు?"

"వాయిదా అంటాడు. ఆయనకు అదొక్కటే బాగా వచ్చు."

"విసుగు రాలేదా?"

"విసుగెందుకు, రాయి యాడికి పోద్ది?"

ఓపిక లెక్కలో ఆమె అచ్చం మద్రాసు పెట్రోలు. గురజాలలో దిగేముందు కారు ముందు భాగం వైపు చెవి పెట్టి విని, "దీనికి దగ్గు పట్టింది నాయనా. చూపించుకోండి" అని చెప్పి, కొంగున కట్టుకున్న వేరుశనక్కాయలు మా చేతుల్లో పోసి పోయింది.

రెంటచింతల ఎండ

ఆంధ్రదేశంలో ఎండకు హెడ్డాఫీసు రెంటచింతల. వేడి గాలి ఇంజనులోకి పోతే నాకింగ్ ఇంకా పెరుగుతుంది. అక్కడ అసలు వేరే రకం గాలి దొరకదు. నిమ్మసోడా కొట్టు ముందు ఆపి కోటి తాళం తీశాడు. తీసిన తాళం వాడి వేలికి వేళ్ళాడుతూనే ఉంది, ఇంజను మాత్రం డుగుడుగుమని తిరుగుతూనే ఉంది.

సోడా కొట్టాయన చేతిలోని సీసా దించి చూశాడు.

"తాళం నీ చేతిలోనే ఉండాదిగా?"

"ఉందండీ."

"మరి దానికి చెప్పలా?"

అది దయ్యం కాదు. లోపల ఎర్రగా కాలిన మసే రవ్వ పని చేసేస్తుంది. ప్లగ్గుతో పని లేకుండా పెట్రోలు తనంతట తానే అంటుకుంటూ ఉంటుంది. ఓపిక లేని పెట్రోలుకు ఆ మాత్రం సందు చాలు. కోటి బ్రేకు తొక్కి, గేరు వేసి, క్లచ్చు వదిలాడు. కారు ఒక్క ఎగురు ఎగిరి ఆగింది.

"మా ఆవిడ కూడా ఇంతే" అన్నాడు సోడా కొట్టాయన. లోపల్నుంచి ఆవిడ, "ఏందీ?" అంది. ఆయన, "సోడా రెండు" అన్నాడు.

అక్కడ కోటి దిగొచ్చి టైమింగ్ కొంచెం తిప్పనిచ్చాడు. ఆ పూట మాచర్ల చేరి సత్రంలో పడుకున్నాం.

చెన్నకేశవయ్యగారి ఇంట్లో

మర్నాడు పొద్దున వెళ్ళేసరికి వాకిట్లో చెన్నకేశవయ్య ఎద్దుల ముందు నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి తల ఊపాడు గాని కదల్లేదు. అవి తినడం అయ్యాకే మా దగ్గరికి వచ్చి కాళ్ళకు నీళ్ళిప్పించాడు. ఆ వైపు పందేలు ఆడే ఇళ్ళలో ఆచారం అదట. నోరులేనిది ముందు తినాలి, నోరున్నవాడు తర్వాత. చుట్టం వస్తే చుట్టం ఎద్దులకు పెట్టాకే చుట్టానికి. మా తెనాలిలో చుట్టాన్ని లోపల కూర్చోబెట్టి పకోడీలు పెట్టేస్తాం. రిక్షా అతను బయటే ఉన్న సంగతి సాయంత్రం గుర్తుకొస్తుంది.

లోపల చాప మీద కూర్చున్నాం. సామ్రాజ్యం వచ్చి ఎదురుగా కూర్చుంది. ఫోటోలో తల వంచుకుని ఉంది గాని ఇక్కడ వంచలేదు. వాళ్ళ నాయనమ్మ గడప దగ్గర గట్టి కాపలా.

"ఏమన్నా అడుగుతావా అబ్బాయ్?" అన్నాడు చెన్నకేశవయ్య.

"ఏం లేదండి" అన్నాడు కోటి. దారంతా నా మీద సాధన చేసిన ప్రశ్నలు ఏమయ్యాయో తెలియదు.

"నువ్వడగవే" అంది నాయనమ్మ.

సామ్రాజ్యం అడిగింది. "మీ కారు చప్పుడు ఊరి బయట నుంచే వినపడింది. దానికి ఒంట్లో బాగలేదా?"

"బాగానే ఉందండి" అన్నాడు కోటి.

భోజనానికి లేచాం. జొన్న రొట్టె, గోంగూర, నాటుకోడి, ఉలవచారు. ఉలవలు ఉడకబెట్టి ఎద్దులకు పెడతారు, ఆ ఉడికిన నీళ్ళు కాచి మనుషులు తాగుతారు. వరస అక్కడా అదే. ఆ చారు తాగాక మాత్రం ఎద్దుల మీద నాకు కోపం పోయింది.

తింటూ చెన్నకేశవయ్య క్రోసూరు పందేల కబుర్లు చెప్పాడు. అక్కడ దిగిన ఇంటాయన ఈయన ఎద్దులకు ఏదో పాతబడ్డ తవుడు కలిపి పెట్టాడట. "వాసన చూశా. తొట్టి అట్టాగే ఎత్తి ఆయన వాకిట్లోనే కుమ్మరించా. ఆయన మొహం ఎర్రబడింది. పడనీ. పందెం ఎద్దు నోట్లోకి ఏం పోయేదీ నేను చూసుకోవాల, ఆయన మొహం ఆయన చూసుకుంటాడు." గెలిచింది ఈ ఎద్దులేనట. ఓడినట్టయితే ఈ కథ మాకు చెప్పి ఉండడు.

తర్వాత ఆయన సంతోషంగా అన్నాడు, "మీరు తినేలోగా మీ బండికీ పెట్టించా."

కోటి చెయ్యి రొట్టె మీదే ఆగిపోయింది. "ఏం పెట్టించారండి?"

"మా పంపు ఇంజను తాగేదే. పెట్రోలు, కిరసనాయిలు కలిపి డ్రమ్ములో ఉంచుతాం. పొద్దుగూకులూ నీళ్ళు తోడుద్ది, ఒక్కసారి ఆగదు. మా ఏసోబు ట్యాంకు నిండా పోశాడు."

ఏసోబు ఆయన పాలేరు. గుమ్మం బయట నిలబడి వినయంగా నవ్వాడు.

కిరసనాయిలు ఓపిక సంగతి వేరే చెప్పాలా? దానికి అసలు భోజనాల బంతిలో కూర్చునే అలవాటే లేదు, వంటింట్లోకే పోతుంది.

"వెనక డబ్బా ఒకటుందండి" అన్నాడు కోటి, గొంతు తగ్గించి.

"ఏదో సద్దిలాగా కట్టుకొచ్చారుగా, చూశా. అది పంపుకు పోయించా. మా ఇంటికొచ్చి మీ సద్ది మీరు తిని పోతే ఊళ్ళో నేను తలెత్తుకోవాలా?"

మద్రాసు నుంచి లారీలో వచ్చిన తొంభై మూడు ఆక్టేన్ పెట్రోలు పొలంలో వంగతోటకు నీళ్ళు పెడుతోంది. పంపు చప్పుడు మాకు వినపడుతూనే ఉంది. ఎప్పటిలాగే తిరుగుతోందట.

"మంచిపని చేశారండి" అన్నాడు కోటి.

మెరక మీద

చేతులు కడుక్కున్నాక నేను వాణ్ణి పక్కకు లాగాను. "దింపేద్దాం. చెప్పు ఆయనకు."

"పెట్టింది పారబోస్తే ఏమనుకుంటాడ్రా? పిల్లనిస్తాడా?"

"ఇంజను పోతుంది. వచ్చే నెల పందేలు."

వాడు ఒకసారి కారు వైపు చూశాడు, ఒకసారి గుమ్మం వైపు చూశాడు. ఆ చూపులో రెండేళ్ళ కష్టం ఒక పక్క, ఫోటో ఒక పక్క. "మెల్లగా పోనిస్తే ఏం కాదులే" అన్నాడు. ఏమవుతుందో నాకంటే వాడికే బాగా తెలుసు.

మెల్లగా పోనిచ్చే అవకాశం రాలేదు. చెన్నకేశవయ్య పైపంచె సర్దుకుని వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. "రాళ్ళ క్వారీ మెరక ఉంది. దాని మీద లాగుడు చూద్దాం" అన్నాడు. ఎద్దును కొనేముందు ఎక్కించే మెరక అదే. నేను, ఏసోబు వెనక ఎక్కాం.

కార్బురేటర్లలో మిగిలిన పాత పెట్రోలు పుణ్యమా అని ఊరు దాటేదాకా బాగానే పోయింది. మెరక మొదట్లో డ్రమ్ములోది అందుకుంది. తర్వాత వచ్చిన చప్పుడును గోళీలంటే గోళీలకు అన్యాయం. పెళ్ళివారి గిన్నెలన్నీ మేడ మెట్ల మీద నుంచి దొర్లినట్టుంది. వెనక తెల్లటి పొగ. ఒక్కో మోతకూ కోటి పంటినొప్పి వచ్చినవాడిలా దవడ బిగించాడు. పిస్టన్ల మీద పడే ప్రతి దెబ్బా వాడికి విడివిడిగా తెలుస్తోంది.

"ఏందబ్బాయ్ ఈ మోత?" అన్నాడు చెన్నకేశవయ్య.

"ఏం లేదండి. పందెం కారు. అట్లాగే ఉంటుంది."

ఆయన ఎద్దు ఆయాసం వింటున్నట్టు ముందుకు వంగి విన్నాడు. పిల్లనిచ్చే మనిషి అంత శ్రద్ధగా వినడం మంచిది కాదని నాకప్పుడు తెలిసింది.

ఎట్లాగో పైకి ఎక్కి, తిరిగి వాకిట్లోకి వచ్చాం. నాయనమ్మ, సామ్రాజ్యం, పక్కిళ్ళవాళ్ళు అందరూ చూస్తున్నారు. కోటి తాళం తీశాడు. ఇంజను ఆగలేదు. గేరు వేసి ఆపుదామంటే ఎదురుగా ఎద్దులు, ఎగిరితే వాటి మీదికే. తాళం చేత్తో పట్టుకుని వాడు సీట్లో కూర్చున్నాడు, కారు కూర్చున్న చోటే వాణ్ణి ఊపుతోంది. ఎద్దులు మెడతాళ్ళు లాగుతున్నాయి.

"పూనకం వచ్చిందే దీనికి. నిమ్మకాయ తేండి" అంది నాయనమ్మ.

సామ్రాజ్యం మెట్లు దిగి వచ్చింది. కోటిని కాదు, నన్ను అడిగింది. "అన్నయ్యా, మా డ్రమ్ములోది దీనికి పడలేదు గదా?"

అవునంటే కోటి అబద్ధమాడినట్టు, కాదంటే నేను.

"యజమాని సీట్లోనే ఉన్నాడమ్మా. ఆయన్నే అడుగు" అన్నాను.

ఆమె కోటి వైపు తిరిగింది. "క్రోసూరులో మా నాన్న తొట్టి కుమ్మరించాడని ఇందాక విన్నారుగా. మీ బండికి పందెం ఉందంట. మీరెందుకు కుమ్మరించలా?"

ఇంజను డుగుడుగుమంటూనే ఉంది. ఆ మోతలో వినపడేట్టు కోటి అరవాల్సొచ్చింది. వాడు మాట్లాడిన మొదటి నిజం ఊరంతా విన్నది.

"కిరసనాయిలు దీనికి పడదండీ. పిస్టన్లు పోతున్నాయి. మీరు పెట్టింది కాదనలేక ఎక్కించాను."

ఆ తర్వాత వాడు దిగి, ముందు మూత ఎత్తి, కార్బురేటర్లకు గాలి పోయే నోళ్ళు రెండింటికీ రెండు అరచేతులు అడ్డం పెట్టాడు. ఇంజను గాలాడక దగ్గి ఆగింది. పొలంలో పంపు ఒక్కటే వినపడుతోంది.

"మెరక ఎక్కకముందే చెప్పొద్దూ" అన్నాడు చెన్నకేశవయ్య. కోపమో కాదో తెలియలేదు.

"దేన్నీ కాదనలేని మనిషి, నాన్నా. ఎవురేమన్నా సరేనంటాడు" అంది సామ్రాజ్యం.

"మొగుడికి అంతకంటే ఏం కావాలే?" అంది నాయనమ్మ.

సామ్రాజ్యం నవ్వలేదు. లోపలికి వెళ్ళింది.

తిరుగు దారి

రబ్బరు గొట్టం పెట్టి ట్యాంకు ఖాళీ చేశాను. మొదటి గుక్క నా నోట్లోకే వచ్చింది. నాలుగు రోజులు ఏం తిన్నా లాంతరు వాసన. దింపినదంతా ఏసోబు డ్రమ్ములో పోసుకున్నాడు. వాళ్ళ పంపుకు అదే హాయి. ఆయనే సైకిలు మీద మాచర్ల వెళ్ళి మామూలు పెట్రోలు తెచ్చిపెట్టాడు. నేను టైమింగ్ తిప్పగలిగినంత వెనక్కి తిప్పాను. ఈసారి కోటి అడ్డుచెప్పలేదు.

"పిల్ల సంగతి కబురు చేస్తాం" అని చెన్నకేశవయ్య మమ్మల్ని సాగనంపాడు.

చప్పుడు లేకుండా, లాగుడు లేకుండా వచ్చాం. పత్తి లారీ మమ్మల్ని దాటింది. నకరికల్లు దగ్గర మేస్టారొకాయన మోపెడ్ మీద దాటుతూ ఏమైనా సాయం కావాలా అని అడిగాడు. నరసరావుపేటలో మస్తాన్ ఎదురొచ్చి, "ఆ ఆరు నంబర్లు అయిపోయినాయి బావా, ఇంకేమన్నా ఉందా?" అన్నాడు.

"లేదు. ఉన్నా ఇవ్వను" అన్నాడు కోటి. నేను బండి ఆపించి వాడి మొహం చూశాను.

మళ్ళీ తెనాలి

ఇంజను విప్పితే మూడో పిస్టన్ అంచు కొరుక్కుపోయి ఉంది. కొత్తది మద్రాసు నుంచి రావాలి. పందేలు కోటి లేకుండానే జరిగాయి. జరగవనుకున్నాడు.

కబురు రాలేదు. వాడు పిస్టన్ను బల్ల మీద పెట్టుకుని దాని ఎదుట కూర్చునేవాడు. చివరికి ఒక ఉదయం చెన్నకేశవయ్యే బస్సు దిగి షెడ్డుకు వచ్చాడు. ఇల్లు చూడమంటే, ముందు బండిని చూస్తానన్నాడు. పిస్టన్ చేతిలోకి తీసుకుని అంచు మీద బొటనవేలు రాశాడు.

"ఇది మా మేతేనా?"

నేను నోరు తెరవబోయాను. కోటి ముందే అన్నాడు. "సగం మీ మేతండి. సగం నా మొహమాటం. మెరక ఎక్కించింది నేనే."

ఆయన పిస్టన్ను జాగ్రత్తగా గుడ్డ మీద పెట్టాడు.

ఇంట్లో విస్తళ్ళు వేశారు. వాళ్ళ ఆచారం మనం మాత్రం తప్పకూడదు కదా. అందుకని నేను ఆయన వచ్చిన బస్సుకు డీజిలు పోయించి రానా అని అడిగాను. ఆయన నవ్వలేదు, డ్రైవరు తిన్నాడో లేదో చూడమన్నాడు. కోటి వాళ్ళమ్మ బెల్లం పులుసు వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టి, "ఇది నాకు పడదమ్మా" అన్నాడు. కోటి అది శ్రద్ధగా చూశాడు. నేర్చుకుంటున్నాడు.

ఆయన నిదానంగా గొంతు సవరించుకున్నాడు. "అబ్బాయ్, మా పిల్ల ఒక మాట చెప్పి పంపింది. నీ మనసుకు పడనిది ఏదన్నా ఉంటే మొహమాటం లేకుండా వద్దని చెప్పాలంట. చానాసేపు ఆలోచించుకుని చెప్పమంది. ఇప్పుడు మా సామ్రాజ్యాన్ని..."

"ఇష్టమేనండి" అన్నాడు కోటి.

"నేనింకా అడగలా" అన్నాడు చెన్నకేశవయ్య.

విస్తట్లో నెయ్యి ఇంకా పడలేదు. గోవిందా అనాల్సిన మా పెద్దాయన ఊపిరి తీసుకుని అట్లాగే ఉండిపోయాడు. మద్రాసు నుంచి ఎన్ని డబ్బాలు తెప్పించి పోసినా, ఈ ఒక్క ఇంజను ఆగే రకం కాదు.